బండి హ్యాండిల్ మార్చాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు: చేతికి సరిగ్గా అందే బార్ ఎంచుకోవడం ఎలా?

నల్లగొండలో బండ్లు బాగుచేయడం నా పని. ఆయిల్ మార్చడానికి వచ్చినవాళ్లు కూడా పోయేముందు ఒక మాట అడుగుతుంటారు: "అన్నా, రెక్కలు గుంజుతున్నయి, హ్యాండిల్ ఏమన్న మార్చొచ్చా?" దేవరకొండ, మిర్యాలగూడ వాళ్లే కాదు, కల్వకుర్తి, జడ్చర్ల దిక్కు నుంచి వచ్చినవాళ్లు కూడా ఇదే అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. అన్నీ చదివే ఓపిక లేకపోతే మొదటి మూడైనా చదివి, ఆ తర్వాతే డబ్బులు తీయండి.

బండి నడిపితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. హ్యాండిల్ మార్చాల్సిందేనా?

అప్పుడే తేల్చకండి. తిమ్మిరి ఏ వేళ్లకు వస్తోందో ముందు గమనించండి. చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతుంటే అరచేతి బయటి అంచు మీద బరువు పడుతోందని అర్థం. ఆ పక్కనుంచి పోయే నరం గ్రిప్‌కు, ఎముకకు మధ్య నలుగుతుంది. హ్యాండిల్ మరీ దూరంగానో, మరీ కిందికో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే పైశరీరం బరువంతా చేతుల మీద మోపుతాం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అనుమానం మణికట్టు మీదికి పోవాలి. ఆ వేళ్లకు వెళ్లే నరం మణికట్టులో ఒక ఇరుకు దారి గుండా పోతుంది. మణికట్టు పైకో కిందికో వంగి గంటసేపు అలాగే ఉంటే అది నొక్కుకుంటుంది. దీనికి చాలాసార్లు కారణం హ్యాండిల్ కాదు, క్లచ్, బ్రేక్ లివర్లు ఉన్న కోణం.

రెండు రెక్కల మధ్య, వీపు పైభాగంలో లాగుతుంటే మాత్రం హ్యాండిల్ దూరం గానీ వెడల్పు గానీ ఎక్కువైందని నేను మొదట చూస్తాను. నడుము నొప్పి ఒక్కటే ఉంటే హ్యాండిల్ జోలికి పోకముందు సీటు, వెనక షాకబ్జర్లు, టైర్లలో గాలి చూస్తాను. ఏళ్ల తరబడి వాడిన సీటులో స్పాంజి కూర్చుకుపోయి, మనిషి ట్యాంకు మీదికి జారుతుంటాడు. అలా జారినవాళ్లు చేతులతో వెనక్కి నెట్టుకుంటూ కూర్చుంటారు. చేతులు నొప్పి పుట్టేది అందుకే. సీటు కట్టించుకుంటే పోయే నొప్పికి హ్యాండిల్ కొనడం ఎందుకు?

బండి దిగిన తర్వాత కూడా, రాత్రి పడుకున్నప్పుడు కూడా తిమ్మిరి వస్తుంటే దయచేసి డాక్టరుకు చూపించండి. అది నా పానాలతో పోయేది కాదు.

కొత్తది కొనకుండా ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చా?

చాలామందికి ఇదే సరిపోతుంది, ఖర్చు కూడా ఉండదు. ఒకటే పైపు ఉన్న బండ్లలో హ్యాండిల్‌ను పైన రెండు పట్టీలు నాలుగు బోల్టులతో పట్టుకుని ఉంటాయి. వాటిని కొద్దిగా వదులు చేస్తే హ్యాండిల్ ముందుకూ వెనక్కీ తిరుగుతుంది. పది సెంటీమీటర్ల ఎత్తున్న బార్‌ను అయిదు డిగ్రీలు తిప్పితే గ్రిప్ దాదాపు ఒక సెంటీమీటరు మీ వైపు వస్తుంది. ఒక సెంటీమీటరుతో ఏమొస్తుందని అనుకోకండి. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే మనిషి దాన్ని మొదటి రోజే పట్టేస్తాడు.

అలాగని మరీ వెనక్కి తిప్పితే గ్రిప్పుల కొసలు కిందికి వాలి మణికట్లు బయటికి వంగుతాయి. అది ఇంకో నొప్పి. చాలా హ్యాండిళ్ల మీద బిగింపు దగ్గర ఒక చిన్న చుక్క గుర్తు ఉంటుంది. అది కంపెనీ పెట్టిన చోటు. అక్కడినుంచి కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక్కో మార్పుకు రెండు రోజులు నడిపి చూడండి.

హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ లివర్లు కూడా సర్దాలి. సీటు మీద మామూలుగా కూర్చుని, గ్రిప్ పట్టుకుని, వేళ్లు చాపండి. మోచేయి నుంచి వేళ్ల కొస దాకా చెయ్యి ఒకటే గీతలా ఉండి, ఆ వేళ్లు నేరుగా లివర్ మీద పడాలి. మా దగ్గరికి వచ్చే బండ్లలో సగానికి పైగా లివర్లు మరీ పైకి లేపి ఉంటాయి. ముందు డిస్క్ బ్రేక్ ఉన్న బండి అయితే బ్రేక్ ఆయిల్ డబ్బా ఎక్కువగా వాలకుండా చూసుకోవాలి, లేకపోతే లోపలికి గాలి పోతుంది.

తిరిగి బిగించేటప్పుడు చాలా బండ్లలో ముందు వైపు బోల్టులు మొదట పూర్తిగా, తర్వాత వెనకవి బిగించాలి. ఏ బండికి ఎంత బిగువో దాని మాన్యువల్‌లో ఉంటుంది.

నా చేతికి ఎంత దూరం సరిపోతుందో ఎలా కొలవాలి?

దీనికి ఒక దోస్తు, ఒక టేపు, ఒక కర్ర కావాలి. చీపురు కర్ర అయినా, అర అంగుళం పీవీసీ పైపు ముక్క అయినా పనికొస్తుంది.

బండిని చదును నేల మీద పెట్టండి. మెయిన్ స్టాండ్ వేయొద్దు. ముందు చక్రాన్ని దోస్తు మోకాళ్ల మధ్య పట్టుకోవాలి. అప్పుడే మీ బరువుకు షాకబ్జర్లు రోజూ దిగినంత దిగుతాయి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. వెనక ఎప్పుడూ ఇంట్లోవాళ్లు కూర్చుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లయితే క్యాన్లు కట్టే కొలవాలి. వెనక బరువుకు బండి వెనక్కి దిగితే మనిషి కూర్చునే తీరే మారుతుంది.

ఇప్పుడు హ్యాండిల్ ముట్టుకోకుండా కళ్లు మూసుకోండి. భుజాలు ఒకసారి పైకెత్తి వదిలేయండి. కర్రను రెండు చేతులతో పట్టుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత హాయిగా అనిపించే చోటికి లేపండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, బిర్రుగా చాచి ఉండొద్దు. మోచేయి పూర్తిగా చాపితే గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా భుజానికి, మెడకు తగులుతుంది. కొద్దిగా వంగి ఉంటే ఆ దెబ్బను చెయ్యే మింగేస్తుంది.

కర్ర ఆగిన చోటికీ, ఇప్పుడున్న గ్రిప్ మధ్యకూ ఎంత తేడా ఉందో దోస్తు కొలవాలి. వెనక్కి ఎంత, పైకి ఎంత అని రెండు అంకెలు. ఉదాహరణకు "వెనక్కి 3, పైకి 2" అని రాసుకోండి. ఇలా మూడుసార్లు చేయండి. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం పని నుంచి వచ్చాక చేస్తే ఇంకా మంచిది. అలిసిన ఒళ్లు అబద్ధం చెప్పదు. మూడు కొలతలూ దగ్గరదగ్గరగా ఉంటే అది మీ కొలత. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంటే ఇంకో వారం ఆగండి.

హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పి, బయటి వైపు చెయ్యి అప్పటికీ హాయిగా అందుతోందా చూడడం మర్చిపోవద్దు. నేరుగా పోయేటప్పుడు బాగున్న బార్, ఊళ్లో ఇరుకు సందులో బండి తిప్పుకునేటప్పుడు అందకుండా పోవచ్చు.

తేడా రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే పైన చెప్పినట్టు ఉన్న హ్యాండిల్‌నే తిప్పి చూడండి. అంతకంటే ఎక్కువుంటేనే కొత్తదాని గురించి ఆలోచించండి.

షాపుకు పోయి ఏ కొలతలు అడగాలి?

"కంఫర్ట్ హ్యాండిల్ ఇవ్వండి" అని అడిగితే షాపులో ఏది ఉంటే అది ఇస్తారు. నాలుగు కొలతలు చూడాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెడల్పు. బిగింపు చోటు నుంచి గ్రిప్ దాకా ఎత్తు. బిగింపు చోటు నుంచి గ్రిప్ కొస ఎంత వెనక్కి వచ్చిందో ఆ వంపు. నాలుగోది నడిమధ్యలో వంపు లేకుండా సాపుగా ఉండే భాగం పొడవు. పట్టీలు కూర్చునేది ఈ భాగం మీదే కాబట్టి అది చిన్నదైతే బార్ మీ బండికి ఎక్కదు.

ఇవన్నీ అంకెల్లో గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే నేను చేసే పని చెప్తాను. పాత హ్యాండిల్ ఊడదీసి సిమెంటు నేల మీద పడుకోబెట్టి సుద్దముక్కతో చుట్టూ గీత గీస్తాను. తర్వాత నిలబెట్టి పక్కనుంచి ఇంకో గీత. ఆ గీతల మీద కొత్త బార్ పెడితే ఎక్కడ ఎంత తేడా ఉందో కళ్లకు కనిపిస్తుంది. హైదరాబాద్ పుత్లీబౌలి దాకా పోయి కొనేవాళ్లు న్యూస్ పేపర్లు అతికించి వాటి మీద గీసుకుని మడిచి తీసుకుపోండి. అక్కడ దుకాణంలో పరిచి, వాళ్లిచ్చిన బార్‌ను దాని మీద పెట్టి చూసుకోవచ్చు. వంద కిలోమీటర్లు పోయి తప్పు బార్ తెచ్చుకుంటే మార్చుకోవడానికి మళ్లీ వంద పోవాలి.

22 మిల్లీమీటర్లు, 28 మిల్లీమీటర్లు అంటారు. అదేంటి?

పైపు లావు. మన రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్, షైన్, ఎఫ్‌జెడ్ లాంటి బండ్లలో పైపు లావు 22 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. లావు బార్లు అని వచ్చేవి బిగింపు దగ్గర 28.6 మి.మీ. ఉండి, గ్రిప్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 22కు సన్నబడతాయి. వాటికి పట్టీలు కూడా వేరేవి కావాలి. హార్లే లాంటి బండ్లకు అంగుళం పైపు వస్తుంది. పట్టీ లావు, పైపు లావు కలవకపోతే మధ్యలో రేకు ముక్క చుట్టి బిగించేవాళ్లను చూశాను. అలా ఎప్పుడూ చేయించుకోకండి. బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడు మనిషి బరువంతా హ్యాండిల్ మీద పడుతుంది, అప్పుడది పట్టీలో తిరిగిపోతుంది.

వెడల్పు ఎక్కువుంటే హాయిగా ఉంటుందా?

తిప్పడం తేలికవుతుంది, అది నిజం. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో మలుపు వెంట మలుపు తిరిగేటప్పుడు వెడల్పు బార్ చేతికి సుఖంగా ఉంటుంది. గులకరాళ్ల మట్టి రోడ్డు మీద కూడా అంతే. కానీ అదే బార్‌తో హైవే మీద ఎనభైలో పోతే చేతులు విప్పారి, ఛాతీ మొత్తం గాలికి ఎదురవుతుంది. గాలి వెనక్కి నెడుతుంటే దానికి ఎదురుగా గ్రిప్పులు పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా ఒక్క బిగిన పోయేవాళ్లకు భుజాలు గుంజేది దీనివల్లే. కోతల కాలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెడల్పు బార్ కొసకు ఏది తగులుతుందో చెప్పలేం.

గ్రిప్పులు పట్టుకున్నప్పుడు చేతులు మీ భుజాల వెడల్పు కంటే కొంచెం బయటికి ఉంటే చాలామందికి సరిపోతుంది. కొన్న బార్ ఎక్కువైతే కోయించుకోవచ్చు, తక్కువైతే అతికించలేం. కోసేటప్పుడు రెండు పక్కలా సమానంగా, ఒకసారికి ఒక సెంటీమీటరు చొప్పున కోయండి. స్విచ్‌లకు, లివర్లకు చోటు మిగలాలి.

బాగా ఎత్తు హ్యాండిల్ వేసుకుంటే నిటారుగా కూర్చోవచ్చు కదా?

కొంతవరకే. చేతులు గుండె కంటే పైకి పోతే రక్తం దిగి చేతులే మొదట అలిసిపోతాయి. ఎత్తుతో పాటు వెనక్కి వస్తే బరువు వెనక చక్రం మీదికి జరిగి ముందు చక్రం తేలికవుతుంది. భుజాల కంటే పైకి పోయే హ్యాండిళ్లు ఫొటోలకు బాగుంటాయి. రోజూ ఆఫీసుకు, పొలానికి పోయే బండికి నేను వేయను.

రైజర్లు పెడితే సరిపోతుందా?

హ్యాండిల్ ఆకారం బాగుండి, ఎత్తు మాత్రమే తక్కువైనప్పుడు రైజర్లే (హ్యాండిల్ కింద పెట్టి దాన్ని పైకి లేపే దిమ్మలు) మేలు. రెండు మూడు సెంటీమీటర్లు లేపుతాయి, కొన్ని కొద్దిగా వెనక్కి కూడా తెస్తాయి. వాటితో వచ్చే బోల్టులు సరిపడా పొడవున్నాయా, టీ (ముందు షాకబ్జర్ పైపులను పైన కలిపి పట్టుకునే అడ్డపట్టీ) లోపలికి మరలు పూర్తిగా దిగుతున్నాయా అని చూసి కొనండి. వైర్ల గురించి కింద చెప్పింది రైజర్లకూ వర్తిస్తుంది.

పల్సర్ 220, ఆర్15 లాంటి బండ్లకు మామూలు హ్యాండిల్ వేయొచ్చా?

వాటిలో ఒకటే పైపు ఉండదు. కుడికొకటి, ఎడమకొకటి విడివిడిగా షాకబ్జర్ పైపులకు బిగించి ఉంటాయి. మామూలు హ్యాండిల్ వేయాలంటే పైన టీ మార్చాలి, మీటర్ చోటు మారుతుంది, ముందున్న ఫెయిరింగ్ (గాలిని ఆపే ప్లాస్టిక్ తొడుగు) అడ్డొస్తుంది. అంత చేయడం కంటే అదే బండికి దొరికే ఎత్తు రకం విడి హ్యాండిళ్లు చూడండి.

అసలు వంగి కూర్చోవడం ఒంటికి పడకపోతే బండి ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 రెండింటికీ ఇంజన్ ఒకటే. ఒకదానికి వెడల్పాటి నిలువు హ్యాండిల్, ఇంకోదానికి కిందికి వంగిన విడి హ్యాండిళ్లు, కాళ్లు పెట్టే చోటు కూడా వేరు. రెండూ ఎక్కి చూస్తే చేతులు, కాళ్లు, సీటు మూడూ కలిసి ఒంటిని ఎలా మారుస్తాయో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది.

కొత్త హ్యాండిల్ వేస్తే వైర్లు కూడా మార్చాలా?

ఈ జవాబును తొందరపడకుండా చదవండి.

హ్యాండిల్ మీదికి క్లచ్ వైర్, యాక్సిలరేటర్ వైర్, ముందు బ్రేక్ వైర్ లేదా ఆయిల్ పైపు, రెండు పక్కల స్విచ్‌ల కరెంటు వైర్లు వస్తాయి. కంపెనీ వాటిని పాత హ్యాండిల్‌కు సరిపడా పొడవే పెడుతుంది. రెండు సెంటీమీటర్ల మార్పుకు చాలాసార్లు వైర్లు పోయే దారి సర్దితే చాలు. నాలుగైదు సెంటీమీటర్లు దాటితే పొడవు వైర్లు, పొడవు పైపు తప్పవు.

పని నేర్చుకునే రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఒకాయన బండికి ఎత్తు హ్యాండిల్ వేశాను. బండి నేరుగా ఉన్నప్పుడు అన్నీ బాగున్నాయి. ఆయన షాపు ముందు బండిని కుడికి పూర్తిగా తిప్పాడు. యాక్సిలరేటర్ వైర్ గుంజుకుని, ఆయన చెయ్యి కదపకుండానే ఇంజన్ గట్టిగా లేచి బండి ముందుకు దూకింది. ఎదురుగా గోడ ఉంది. చక్రం గోడకు తగిలి ఆగింది, ఆయనకు దెబ్బ తగల్లేదు. అదే రోడ్డు మీద ఎదురుగా చిన్న పిల్ల ఉండి ఉంటే? ఆ రోజు నుంచి నా చేతి మీదుగా పోయే ప్రతి హ్యాండిల్‌కూ ఒక పరీక్ష చేస్తాను. బండి స్టాండ్ మీద, గేర్ న్యూట్రల్‌లో, ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నిదానంగా తిప్పుతాను. ఇంజన్ శబ్దం కొంచెం కూడా మారకూడదు. మారితే బండి షాపు దాటదు. మీ మెకానిక్ చేయకపోతే మీరే చేసి చూడండి, అర నిమిషం పని.

హ్యాండిల్‌ను ఏ కొసకు తిప్పినా క్లచ్ లివర్ చివర ఖాళీ ఆట ఒక సెంటీమీటరు నుంచి రెండు దాకా ఉండాలి. యాక్సిలరేటర్ గ్రిప్‌లో రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. ఎక్కువ కమ్యూటర్ బండ్లకు ఇవే కొలతలు. బ్రేక్ పైపు గుంజుకోకూడదు, మడత పడకూడదు, వేడి భాగాలకు తగలకూడదు. పైపు మార్చితే లోపలి గాలి పూర్తిగా తీయాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందా, డాట్ 4 అని ఉందా చూసి అదే రకం ఆయిల్ పోయాలి, అది కూడా కొత్తగా సీలు తీసిన డబ్బాలోంచి. పాత డబ్బాలోది గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మీద పడితే పెయింటు లేస్తుంది, తడి గుడ్డ కప్పి పని చేయమనండి. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండికి ఈ పని తెలిసిన మనిషితోనే చేయించుకోవాలి.

స్విచ్‌లు కొత్త బార్ మీద కూర్చోవడం లేదు, ఎందుకు?

చాలా బండ్ల స్విచ్ డబ్బాలో ఒక చిన్న మొన ఉంటుంది. అది పైపుకు ఉన్న రంధ్రంలో కూర్చుంటేనే స్విచ్ తిరగకుండా ఉంటుంది. బయట కొన్న బార్‌కు ఆ రంధ్రం ఉండదు. స్విచ్, లివర్, గ్రిప్ అన్నీ సరైన చోట పెట్టి గుర్తుపెట్టుకున్నాకే రంధ్రం వేయాలి, ఆ మొన కంటే లావు వేయొద్దు. రెండోసారి పక్కన ఇంకో రంధ్రం వేసే పరిస్థితి తెచ్చుకోకండి, పైపు బలం పోతుంది. కొసల్లో బరువులు బిగించడానికి లోపల మరలు ఉన్నాయా అని కూడా కొనేటప్పుడే చూడండి. ఆ బరువులు అందం కోసం కాదు, సింగిల్ సిలిండర్ ఇంజన్ వణుకును చేతికి తక్కువగా చేరనివ్వడానికి.

ఉక్కుదా, అల్యూమినియందా? వంగిన హ్యాండిల్‌ను సాపు చేయించుకోవచ్చా?

మన రోడ్లకు, మన వాడకానికి మంచి ఉక్కు బార్ చాలు. అల్యూమినియం తేలిక, కానీ పేరున్న కంపెనీదే కొనాలి. పడినప్పుడు పైకి బాగానే కనిపించినా బిగింపు దగ్గర సన్నటి పగులు రావచ్చు. దెబ్బ తిన్న అల్యూమినియం బార్‌ను మళ్లీ నమ్మొద్దు.

ఉక్కు హ్యాండిల్ వంగితే పైపు దూర్చి సాపు చేసి ఇచ్చే షాపులున్నాయి. నేనూ ఒకప్పుడు చేశాను. ఇప్పుడు చేయను. ఒకసారి వంగి మళ్లీ వంచిన లోహం ఆ చోట బలహీనపడుతుంది. కొత్త బార్ అంత పెద్ద ఖర్చు కూడా కాదు. పడిన తర్వాత హ్యాండిల్ ఒక పక్కకు లాగినట్టుంటే బార్ వంగకపోయి కూడా ఉండవచ్చు. షాకబ్జర్లు టీలో మెలిపడి ఉంటే అలాగే కనిపిస్తుంది. తిప్పేటప్పుడు మధ్యలో టక్కున పట్టుకున్నట్టుంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయింది. ముందు ఇవి చూపించుకోండి.

మా బాపుకు మోచేతులు పూర్తిగా చాపరావు. ఆయన బండికి ఏం చేయవచ్చు?

ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను చేస్తున్న పని ఆపి కూర్చుంటాను. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దమనుషులకు కీళ్లు బిగుసుకుపోతాయి. మెడ తిరగదు, నడుము వంగదు, మోచెయ్యి సగంలో ఆగిపోతుంది. మా బాపు కూడా అట్లాంటివాడే. బండి మీద కూర్చుంటే గ్రిప్ అందుకోవడానికి ఒళ్లంతా ముందుకు జరిపి, ట్యాంకు మీద ఎక్కినట్టు కూర్చునేవాడు. వయసైపోయింది, ఇక బండి వద్దని అందరం అన్నాం. ఆయన మాట్లాడలేదు. పొలానికి నడిచి పోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆయన్ను బండి మీద కూర్చోబెట్టి కర్ర పట్టించి కొలిచాను. వెనక్కి ఏడు సెంటీమీటర్లు, పైకి మూడు. ఆయనకు వయసు అడ్డం కాలేదు, ఆ ఏడు సెంటీమీటర్లు అడ్డమయ్యాయి. బాగా వెనక్కి వంపు ఉన్న బార్ వెతికి, వైర్లు మార్చి, క్లచ్ లివర్ దగ్గరగా ఉండేది వేశాను. సీటు ముందు భాగం కొద్దిగా నింపి కట్టించాను. మెడ తిరగదు కాబట్టి రెండు పక్కలా పెద్ద అద్దాలు, కొంచెం బయటికి వచ్చే కాడలతో పెట్టాను.

అలాంటి మనిషికి బార్ ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు తప్పకుండా చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు గ్రిప్ కొస కడుపుకు, తొడకు తగలకూడదు, ట్యాంకుకు గ్రిప్‌కు మధ్య బొటనవేలు నలగకూడదు. వెనక్కి ఎక్కువ వచ్చే బార్లతో ఈ ఇబ్బంది మామూలే. రెండోది, ఆయన అన్ని వేళ్లతో బ్రేక్ గట్టిగా పట్టగలుగుతున్నాడా అని నిలబెట్టిన బండి మీదే చూడండి. పట్టలేకపోతే ఎంత మంచి హ్యాండిల్ వేసినా బండి ఇవ్వడం మంచిది కాదు. ఆ మాట ఆయనకు నిదానంగా, నలుగురిలో కాకుండా చెప్పండి.

స్కూటీకి హ్యాండిల్ మార్చుకోవచ్చా?

యాక్టివా లాంటి వాటిలో హ్యాండిల్ ప్లాస్టిక్ కవర్ల లోపల ఉంటుంది. తిప్పడానికి, మార్చడానికి వీలు చాలా తక్కువ. సీటు ఆకారం మార్పించడం, సన్నటి లేదా మెత్తటి గ్రిప్పులు వేయించడం మేలు.

హ్యాండిల్‌కు సంచులు తగిలించుకుంటే ఏమవుతుంది?

కూరగాయల సంచి ఒక పక్క, టిఫిన్ ఇంకో పక్క తగిలించుకుని అందరూ పోతారు, తెలుసు. సంచి ఊగినప్పుడల్లా హ్యాండిల్ ఊగుతుంది, దాన్ని ఆపడానికి చేతులు పని చేస్తూనే ఉంటాయి. చేతుల నొప్పి అని వచ్చిన ఒక టీచర్ గారి బండికి నేను చేసిన పని ఒక్కటే: బ్యాగు తగిలించే కొక్కెం హ్యాండిల్ నుంచి తీసి, వెనక క్యారియర్ బిగించడం.

పోలీసులు, ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటారా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. మీ బండికి కంపెనీయే అమ్మే బార్, లేదా అదే ఆకారంలో కొద్ది తేడా ఉన్న బార్ వేసుకోవడం ఒకటి, బండి రూపమే మారిపోయేలా వేయడం ఇంకొకటి. రెండో రకం జోలికి పోవద్దని నా మాట. అనుమానం ఉంటే జిల్లా రవాణా కార్యాలయంలో ముందే అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. అద్దాలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి, వెనక రోడ్డు వాటిలో కనిపించాలి. వెనక్కి వచ్చే బార్ వేస్తే అద్దాల్లో మీ మోచేతులే కనిపించడం మొదలవుతుంది, అప్పుడు పొడవు కాడల అద్దాలు వేసుకోండి.

ఎంత ఖర్చవుతుంది?

మామూలు ఉక్కు బార్ ధర తక్కువే. దాని చుట్టూ మారే వైర్లు, గ్రిప్పులు, బ్రేక్ పైపు, మజూరి కలిపితే బార్ కంటే ఎక్కువవుతుంది. కొనేముందు మెకానిక్‌ను మొత్తం లెక్క అడగండి. గ్రిప్పులు పాతవే ఎక్కించమనకండి, ఊడదీసేటప్పుడు సాగి వదులవుతాయి. ఎండాకాలంలో మా దగ్గర 44, 45 డిగ్రీలకు నాసిరకం రబ్బరు గ్రిప్పులు చేతికి అంటుకుంటాయి, అవి కూడా కొంచెం మంచివే చూసుకోండి.

హ్యాండిల్ వేయించుకున్నాక ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటి రోజు హైవే ఎక్కొద్దు. ఊళ్లోనే, ఖాళీ రోడ్డు మీద నిదానంగా నడిపి, బ్రేక్ రెండుమూడుసార్లు గట్టిగా పట్టి చూడండి. చేతికి కొత్త కొలత అలవాటు కావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మలుపులో కొంచెం ఎక్కువ తిరగడం, తక్కువ తిరగడం మామూలే. హెడ్‌లైట్ కాంతి, ఇండికేటర్లు, హారన్, బ్రేక్ లైటు పనిచేస్తున్నాయా ఇంటికి పోయేలోపే చూసుకోండి. స్విచ్ వైర్లు కదిలించిన పని కదా.

యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ చూపించండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కితే అది పట్టీలో కొంచెం కూడా తిరగకూడదు. మా షాపులో వేసినవాళ్లకు ఈ బిగింపుకు డబ్బులు తీసుకోను, రమ్మని ఫోన్ చేసి మరీ చెప్తాను. రెండు వారాల తర్వాత ఇంకోసారి కర్ర పట్టుకుని కొలుచుకోండి. మొదట్లో బాగుందనుకున్న చోటు నుంచి ఒళ్లు అర సెంటీమీటరు అటో ఇటో అడుగుతుంది, అప్పుడు పానా తెచ్చి అంత మేరకు తిప్పుకుంటే సరిపోతుంది.